వీసా ఏ రకమో తేలకుండా అప్పు పుట్టించకండి: గల్ఫ్ వలస ఊళ్ళ పెద్దలకు బహిరంగ లేఖ

జగిత్యాల, నిజామాబాద్, రాజన్న సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లోనూ, కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లోనూ ఉన్న సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు, గ్రామ సచివాలయ సిబ్బందికి, మహిళా సంఘాల అధ్యక్షురాళ్ళకు, వీఓఏలకు (గ్రామ సమాఖ్య సహాయకులకు) నమస్కారం.

మీ ఊరి నుంచి ఎవరైనా గల్ఫ్ పోతున్నారంటే ముందుగా వచ్చే మాటలు మూడు: ఏ దేశం, జీతమెంత, ఏజెంటుకు ఎంత కట్టాలి. వీసా ఏ రకం అన్న మాట విమానం దిగాక గానీ రాదు. అప్పటికి పొలం కుదువలో ఉంటుంది, సంఘం అప్పుకు మొదటి కిస్తు దగ్గరపడుతుంది. జీతం రాకపోయినా, యజమాని కొట్టినా, పని మారాలన్నా, చివరికి శవం ఇంటికి రావాలన్నా అక్కడి అధికారి మొదట చూసేది వీసా రకమే. ఒకే ఊరివాళ్ళు ఇద్దరు ఒకే పని చేస్తుంటారు. ఒకరి ఫిర్యాదు లేబర్ కోర్టులో నిలుస్తుంది, ఇంకొకరిది గుమ్మం దాటదు.

ఈ లేఖ మంత్రులకో కలెక్టర్లకో కాక మీకు రాయడానికి కారణం ఒక్కటే. పోవాలన్న నిర్ణయం మీ ఊళ్ళోనే జరుగుతుంది. అప్పుకు జామీను నిలిచేది మీరు, సంఘంలో తీర్మానం రాసేది మీరు. విమానాశ్రయంలో అధికారి కాగితం చూసే వేళకు డబ్బంతా చేతులు మారిపోయి ఉంటుంది. అప్పుడు ఆపితే కుటుంబం ఆ అధికారినే తిట్టుకుంటుంది.

విజిట్ వీసాతో మొదలుపెడదాం. ఏజెంటుకు ఇది అన్నిటికన్నా సులువు. యూఏఈకి ముప్పై రోజుల, అరవై రోజుల విజిట్ వీసాలు కంపెనీ ఏదీ లేకుండానే రోజుల్లో వచ్చేస్తాయి. "ముందు విజిట్ మీద పో, అక్కడ కంపెనీయే వీసా మార్పిస్తది" అని చెబుతారు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతారు. యూఏఈలో విజిట్ మీద దిగినవాళ్ళు దేశం దాటకుండానే పని వీసాకు మారే పద్ధతి చట్టంలో ఉంది. చెప్పని సగం ఏమిటంటే, పని అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క రోజు పని చేసినా నేరమే. పని ఇచ్చినవాళ్ళకు 2024లో సవరించిన చట్టం ప్రకారం లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా పడుతుంది. అయినా కొన్ని చిన్న కంపెనీలు "ట్రయల్" అని నెలా నెలన్నర పని చేయించుకుని, నచ్చలేదని పంపేస్తాయి. కాంట్రాక్టు లేదు కాబట్టి ఆ జీతం అడగడానికి ఆధారం ఉండదు. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా పెరుగుతుంది. నెల దాటేసరికి అది 1,500 దిర్హాములు, అంటే చాలామంది హెల్పర్ల నెల జీతం కన్నా ఎక్కువ.

యూఏఈకి సరైన వరస ఇది. కంపెనీ మొదట అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ పంపుతుంది. దాని మీద కార్మికుడు సంతకం చేస్తాడు. ఆ తర్వాత పని అనుమతి, దాని మీద ఉద్యోగ ప్రవేశ అనుమతి వస్తాయి. దిగాక మెడికల్, ఎమిరేట్స్ ఐడీకి వేలిముద్రలు, ఆపైన నివాస వీసా. ఈ ఖర్చులన్నీ యజమానివేనని 2021 నాటి కార్మిక చట్టం చెబుతోంది. ఆఫర్ లెటర్‌కు ఒక నంబరుంటుంది, మంత్రిత్వ శాఖ సైటులో దాన్ని సరిచూడొచ్చు. కంపెనీ లెటర్‌హెడ్ మీద కంప్యూటర్‌లో కొట్టిన కాగితానికి అలాంటి నంబరు ఉండదు. ఏజెంటు ఫోన్లో చూపించే "ఆఫర్ లెటర్" ఈ రెంటిలో ఏదో ముందు తేల్చండి.

మిగతా దేశాల్లో విజిట్ దారి ఇంకా ఇరుకు. ఒమాన్ 2023లో విజిట్ వీసాను దేశంలోనే ఉండి పని వీసాగా మార్చుకోవడాన్ని నిలిపేసింది. సౌదీ విజిట్ వీసా మీద పనికి అనుమతి లేదని అచ్చేసే ఉంటుంది. చదివేవాళ్ళు లేక అది కనబడదు. ఇక థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, టికెట్ మేమే ఇస్తాం అని వచ్చే మాటలను మీ ఊరి డిగ్రీ పిల్లల చెవిన గట్టిగా వేయండి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగానికి నాన్ ఇమిగ్రెంట్ బీ వీసా, దాని మీద వర్క్ పర్మిట్ ఉండాలి. పర్యాటకులుగా బ్యాంకాక్‌లో దించి, అక్కడి నుంచి మయన్మార్ సరిహద్దులోని మియవాడి దగ్గర సైబర్ మోసాల శిబిరాలకు తోలుకుపోయిన కేసుల్లో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు.

ఇప్పుడు అసలు చిక్కైన సంగతికి వద్దాం. కంపెనీ వీసా, ఇంటి వీసా. రెండూ పని వీసాలే, రెండూ అసలైనవే, రెంటి మీదా ముద్రలుంటాయి. అందుకే ఇక్కడ మోసం జరిగినట్టు కూడా తెలియదు.

కువైట్‌లో దీన్ని నంబర్లతో చెబుతారు. 18 నంబరు వీసా, మనవాళ్ళు షూన్ వీసా అనేది, ప్రైవేటు కంపెనీల్లో పనికి. 20 నంబరు వీసా, అంటే ఖాదిం వీసా, ఒక కువైటీ ఇంట్లో పనికి: వంట, ఊడ్పు, పిల్లల్ని చూడడం, ఇంటి కారు నడపడం, తోటపని. 20 మీద పోయినవాళ్ళు హోటల్లోనో బకాలా అనే కిరాణా కొట్టులోనో సెలూన్‌లోనో పని చేస్తూ పట్టుబడితే, ఎంత నిజాయితీగా చెమటోడ్చినా అది చట్టవిరుద్ధమే. తనిఖీ జరిగినప్పుడు ముందుగా అడిగేది బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు. దాని మీద ఇంటి పనివారు అని ఉండి మనిషి కొట్టులో నిలబడి ఉంటే, అక్కడి నుంచి బండి నేరుగా డిపోర్టేషన్ కేంద్రానికే.

"ముందు 20 మీద పో, ఏడాది తర్వాత 18కి మార్చిస్తా" అన్నది కడప, అన్నమయ్య జిల్లాల్లో పాతబడ్డ మాట. మార్పు ఏజెంటు చేతిలోనూ లేదు, ఎప్పుడూ తెరిచి ఉండే తలుపూ కాదు. 2024లో కువైట్ ప్రభుత్వం జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు మాత్రం ఆ అవకాశం ఇచ్చింది. అదీ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని ఒప్పుకుంటేనే, ఆయన దగ్గర ఏడాది పూర్తయి ఉంటేనే, 50 దినార్ల రుసుము కడితేనే. ప్రభుత్వం మళ్ళీ ఎప్పుడు తెరుస్తుందో ముందే చెప్పగల ఏజెంటు ఎవరూ లేరు.

అలాగని 20 నంబరు వీసా మీద హక్కులే లేవనుకోవద్దు. ఇంటి పనివాళ్ళ కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికో సెలవు, ఏటా జీతంతో సెలవు, మానేసి వచ్చేటప్పుడు పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. నెలకు కనీసం 60 దినార్లు. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. ఇవన్నీ ఆ ఇంటి కఫీల్ మీద ఉన్న హక్కులు. ఆ ఇల్లు వదిలి బయట పనికి వెళ్ళిన రోజు నుంచి పరారీ కేసు నెత్తిన ఉంటుంది, ఇవేవీ అడగడానికి కాళ్ళాడవు. గోదావరి జిల్లాల నుంచి వెళ్ళే ఆడవాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలి. ఇంట్లో బాధ పడలేకపోతే బయట పని వెతుక్కోకుండా, నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. అక్కడి నుంచి కేసు నడిపితే రావలసింది రాబట్టే దారి ఉంటుంది. తెలిసినవాళ్ళ గదికి వెళ్ళి దాక్కుంటే ఆ దారి మూసుకుపోతుంది.

సౌదీలో ఈ తేడా ఇంకా పదును. 2021 మార్చి 14 నుంచి అక్కడ ప్రైవేటు కంపెనీల కార్మికులకు కొన్ని స్వేచ్ఛలు వచ్చాయి. నియమాల ప్రకారం ఏడాది దాటాక యజమాని అనుమతి లేకుండా వేరే కంపెనీకి మారొచ్చు. సెలవు మీద ఇంటికి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ, పూర్తిగా వచ్చేయడానికి ఫైనల్ ఎగ్జిట్ తామే పెట్టుకోవచ్చు. ఈ సంస్కరణలో లేనివాళ్ళు ఐదు రకాలు: ఇంటి పనివాళ్ళు, హౌస్ డ్రైవర్లు, ఇంటి కాపలాదారులు, తోటమాలులు లేదా వ్యవసాయ పనివాళ్ళు, గొర్రెల కాపరులు. కంపెనీ డ్రైవర్‌గా పోయినవాడికి ఉన్న వీలు హౌస్ డ్రైవర్‌గా పోయినవాడికి లేదు. ఇద్దరూ నడిపేది కారే, లైసెన్సూ ఒకలాంటిదే.

కాబట్టి సౌదీ వీసాలో వృత్తి అన్న గడి చదివించండి. అరబీలో సాయిక్ ఖాస్ అని ఉంటే హౌస్ డ్రైవర్. ఆమిల్ మంజిలీ అంటే ఇంటి పనివాడు. రాయీ అంటే కాపరి. ముజారె అంటే వ్యవసాయ పనివాడు. ఉత్త ఆమిల్ అని ఉంటే కూలీ. ఎలక్ట్రీషియన్, మేసన్, వెల్డర్ అని చెప్పి పంపినవాడి వీసాలో రాయీ అని ఉంటే, అతను చేరేది ఎడారిలో గుడారం దగ్గరికే. ఊళ్ళో అరబీ, ఉర్దూ చదవగలిగినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. మసీదు ఇమాంను అడిగినా రెండు నిమిషాల్లో చెబుతారు. సౌదీ విదేశాంగ శాఖ వీసా సైటులోనూ వీసా నంబరు, పాస్‌పోర్టు నంబరు కొట్టి చూడొచ్చు. ఇంటి పనికైతే కాంట్రాక్టు ముసానెద్ అనే ప్రభుత్వ వేదిక మీద ఉండాలి, కంపెనీ పనికైతే కివా మీద. ఆ రెంటిలో దేని మీదా లేని కాంట్రాక్టును అక్కడ వాదించుకోవడం కష్టం.

దిగిన 90 రోజుల్లోగా ఇఖామా, అంటే అక్కడి నివాస అనుమతి కార్డు తీసివ్వడం యజమాని బాధ్యత. కంపెనీ కార్మికుల విషయంలో ఇఖామా, పని అనుమతి, వాటి రెన్యువల్, ఆలస్యమైతే పడే జరిమానా అన్నీ యజమానే భరించాలని సౌదీ కార్మిక చట్టం 40వ నిబంధన చెబుతోంది. "ఇఖామా పైసలు నీ జీతంలో కోస్తాం" అంటే అది చట్టానికి విరుద్ధం. మూడు నెలలు దాటినా ఇఖామా రాకపోతే ఇంట్లోవాళ్ళు ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టాలి. అతను ఫోన్లో "కొన్నాళ్ళు చూద్దాం" అంటాడు. ఆగితే నష్టపోయేది అతనే.

ఖతార్ విషయం కొంత తేలిక. పని వీసాకు మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు మీద సంతకం అన్నీ ఇక్కడే, ఖతార్ వీసా సెంటర్‌లో అవుతాయి. హైదరాబాద్‌లో ఆ సెంటరుంది. అక్కడ తెర మీద చూపే కాంట్రాక్టులో జీతం, పని, కంపెనీ పేరు ఏజెంటు చెప్పినవాటితో కలవకపోతే సంతకం పెట్టకుండా లేచి రావచ్చు. కనీస వేతనం 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ళు. వసతి ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే 300 ఇవ్వాలి. ఇది ఇంటి పనివాళ్ళకు కూడా వర్తిస్తుంది. సెంటర్‌కు పోకుండానే ఖతార్ పని వీసా ఇప్పిస్తానన్నవాడిని నమ్మకండి.

ఆజాద్ వీసా అన్నది ఏ దేశపు చట్టంలోనూ లేదు. అక్కడ ఒక కఫీల్ పేరు మీద కాగితం పుట్టిస్తారు. ఆయన దగ్గర పని ఉండదు. బయట ఎక్కడైనా చేసుకోమంటాడు, ఏటా ఇంత అని తీసుకుంటాడు. దీని మీద నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళు ఉన్నారు, కాదనం. వాళ్ళను చూసే మిగతావాళ్ళు పోతున్నారు. అయితే కఫీల్‌కు కోపం వచ్చినా, ఇంకా డబ్బు కావాలనిపించినా సౌదీలో హురూబ్ పెడతాడు, అంటే పని వదిలి పారిపోయాడని నమోదు చేయిస్తాడు. ఆ తర్వాత బ్యాంకు, ఆసుపత్రి, ప్రయాణం అన్నీ ఆగిపోతాయి. పని చేస్తూ పరంజా మీద నుంచి పడితే, పని చేయించుకున్న కంపెనీ "మా మనిషి కాదు" అంటుంది, కఫీల్ "నా దగ్గర లేడు" అంటాడు. ప్రమాద పరిహారం ఎవరు ఇవ్వాలో తేలదు. చనిపోతే శవం రావడం వారాల తరబడి ఆలస్యమయ్యేది కూడా ఇక్కడే, కఫీల్ సంతకాల దగ్గర. కల్లివెల్లి అయి, అంటే చెల్లే కాగితాలు లేకుండా మిగిలిపోయి, ఏళ్ళ తరబడి క్షమాభిక్ష కోసం, ఇంటికి రావడానికి ఇచ్చే ఔట్‌పాస్ కాగితం కోసం ఎదురుచూసేవాళ్ళలో ఆజాద్ వీసా మీద పోయినవాళ్ళు ఎందరో.

ఇక మన దేశం వైపు కాగితం. గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, లిబియా, థాయ్‌లాండ్ వంటివి కలిపి 18 దేశాలకు ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి అనుమతి కావాలి. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్. యాభై దాటినవాళ్ళకు, విదేశంలో మూడేళ్ళకు పైగా ఉండి వచ్చినవాళ్ళకు మినహాయింపుంది. అనుమతి ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ సైటు ద్వారా వస్తుంది. అందులో యజమాని, ఏజెంటు, కాంట్రాక్టు, బీమా అన్నీ నమోదవుతాయి. జనం దీన్ని అడ్డంకిగా చూస్తారు. నిజానికి పేదవాడి కాంట్రాక్టు భారత ప్రభుత్వం దగ్గర ఒక ప్రతి ఉండే ఏకైక సందర్భం ఇదే.

అందుకే పదో తరగతి పాసైన కుర్రవాళ్ళ గురించి మాకు ఎక్కువ బెంగ. వాళ్ళది ఈసీఎన్ఆర్, అంటే ఆ అనుమతి అక్కర్లేని పాస్‌పోర్టు. తాపీ పనికి పోయినా, క్లీనర్‌గా పోయినా వాళ్ళ కాంట్రాక్టును ఏ అధికారీ చూడడు, బీమా తప్పనిసరి కాదు, ఈ-మైగ్రేట్‌లో పేరుండదు. "టెన్త్ పాసయ్యావు, నీకు ఏ చెకింగూ లేదు" అని ఏజెంటు దాన్ని వరంలా చెబుతాడు. చెకింగ్ లేదంటే చూసేవాళ్ళు లేరని. ఆ పిల్లల కాగితాలు ఊళ్ళోనే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకు ఇంకో నియమం ఉంది. ముప్పై ఏళ్ళు నిండనివాళ్ళకు ఈ 18 దేశాల్లో పనికి అనుమతి ఇవ్వరు. నిండినవాళ్ళను ప్రభుత్వ సంస్థల ద్వారానే తీసుకోవాలి. మనకు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉన్నాయి. ఈ నియమాన్ని తప్పించడానికే వయసు మార్చిన ఆధార్లు, దొంగ టెన్త్ మెమోలు, చుట్టుదారి విజిట్ వీసాలు పుడతాయి. పుట్టిన తేదీ మార్చిన పాస్‌పోర్టు పట్టుబడితే కేసు మొదట ఆమె మీదే అవుతుంది. జనన ధ్రువపత్రాల దగ్గర కూర్చునే కార్యదర్శులు ఇది గుర్తుంచుకోవాలి.

ఈసీఆర్ మీద పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తుంది. పాలసీ కాగితం అతని సూట్‌కేసులో దుబాయ్ పోతే ఇంట్లో ఆమెకు ఆ బీమా ఉన్నట్టే తెలియదు. నామినీ పేరు సరిగా ఉందా, కాపీ ఇంట్లో ఉందా చూడండి. పాలసీ గడువు తీరాక రెన్యువల్ చేయించుకోవాలి, దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్ళు తక్కువ.

డబ్బు లెక్క చూద్దాం. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 దాకా తీసుకోవచ్చు. బ్యాంకు ద్వారా తీసుకుని రసీదు ఇవ్వాలి. అంతకు మించి రుసుము వసూలు చేయడం ఎమిగ్రేషన్ నియమాలకు విరుద్ధం. మరి ఊళ్ళో లక్షన్నర అడుగుతున్నారంటే ఆ లక్ష పైచిలుకు ఎటుపోతోంది? అక్కడి వీసా దళారి, ముంబై దళారి, మండలంలోని సబ్ ఏజెంటు, ఇలా పంచుకుంటారు. లక్షన్నరకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. ఆరు నెలలు జీతం సరిగా రాకపోతే వడ్డీయే 27,000. వెయ్యి రియాళ్ళ జీతంలో తిండి, ఫోను పోను ఇంటికి పంపేదాంట్లోంచి ఈ వడ్డీ కట్టాలి. అసలు తీరేదెప్పుడో వీఓ సమావేశంలోనే కాగితం మీద వేసి చూపించండి. ఒక్కోసారి ఆ లెక్కే మనిషిని ఆపుతుంది, అందులో తప్పేం లేదు.

ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైటులో చూడొచ్చు. నడుస్తున్న లైసెన్సులు, సస్పెండైనవి, గడువు తీరినవి వేరువేరుగా ఉంటాయి. మీ ఇంటికి వచ్చినవాడు "నేను ఫలానా ఆఫీసు మనిషిని" అంటే, ఆ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. లైసెన్సు ఒకరిది, వసూలు ఇంకొకరిది అయితే అది లైసెన్సు లేని రిక్రూట్‌మెంటే. ఇంకో చిన్న సంగతి: హెపటైటిస్ బీ, సీ ఉన్నా, ఊపిరితిత్తుల్లో పాత టీబీ మచ్చ ఉన్నా గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ వస్తుంది. ఏజెంటుకు రూపాయి కట్టకముందే జిల్లా ఆసుపత్రిలో ఆ రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. ఇక్కడ ఎలాగో ఫిట్ అనిపించుకున్నా, దిగాక మళ్ళీ మెడికల్ ఉంటుంది. అక్కడ పోతే తిరుగు విమానమే.

మిమ్మల్ని కోరేది ఇది. గల్ఫ్ పేరు మీద సంఘం అప్పు అడిగినా, జామీను సంతకం అడిగినా ముందు పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీలు తెమ్మనండి. వీసాలో ఆరు సంగతులు చూడండి: రకం (విజిటా పనా), వృత్తి, స్పాన్సర్ పేరు (కంపెనీయా ఒక మనిషా), గడువు, పాస్‌పోర్టు నంబరు సరిపోయిందా, కాంట్రాక్టులోని కంపెనీ, వీసాలోని స్పాన్సర్ ఒకటేనా. స్పాన్సర్ దగ్గర ఒక మనిషి పేరుండి, పని కంపెనీలో అని చెబుతుంటే అది ఇంటి వీసా గానీ ఆజాద్ గానీ అయ్యుంటుంది. ఇదంతా పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్ ముందు అరగంట పని. చూసిన కాపీలు ఒక ఫైలులో పెట్టండి, ఇంట్లో ఇంకో సెట్టు ఉంచమనండి. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకైనా, బీమాకైనా, మదద్ ఫిర్యాదుకైనా ఈ కాగితాలే కావాలి. మనిషి పోయాక పాస్‌పోర్టు నంబరు కూడా దొరక్క కుటుంబాలు తిరుగుతుంటాయి.

అప్పటికే పోయి ఇరుక్కున్నవాళ్ళ కోసం ఇంట్లోవాళ్ళు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు, లేదా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదులో కష్టాల కథంతా రాయనక్కర్లేదు. పాస్‌పోర్టు నంబరు, ఇఖామా లేదా బతాకా నంబరు, వీసా రకం, కఫీల్ పేరు, ఫోను, ఉన్న ఊరు, చివరి జీతం ఏ నెలలో వచ్చింది, ఇప్పుడేం కావాలి: జీతమా, ఇంటికి రావడమా, యజమాని మార్పా. ఈ చివరి మాట స్పష్టంగా లేకపోవడం వల్ల చాలా ఫైళ్ళు కదలవు. జీతమూ కావాలి, వెంటనే రావాలి అంటే రెండూ ఒకేసారి కుదరవు. ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేశాక బకాయి రాబట్టడం బాగా కష్టం. కేసు వేసి రావాలంటే అక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావాలి.

ఏజెంటు మీద కేసు పెట్టడానికి స్టేషన్‌కు వెళ్తే రెండు మాటలు వినబడతాయి. ఒకటి, రాజీ పడండి, సగం ఇప్పిస్తాం. డబ్బు వచ్చేదైతే తీసుకోండి, తప్పు లేదు. కానీ ఎఫ్ఐఆర్ వదులుకోకండి, లేకపోతే అదే మనిషి పక్క మండలంలో మళ్ళీ మొదలుపెడతాడు. రెండోది, ఎమిగ్రేషన్ చట్టం కింద కేసుకు కేంద్రం అనుమతి కావాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం 27వ సెక్షన్‌లో ఆ మాట ఉన్న సంగతి నిజమే. అదే సెక్షన్ కింద మినహాయింపు కూడా ఉంది: ఫిర్యాదు ఇచ్చేది మోసపోయిన వలసదారే అయినా, అతని తరఫున తండ్రి, తల్లి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇచ్చినా అనుమతి అక్కర్లేదు. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడం ఆ చట్టం 10వ సెక్షన్ కింద నిషిద్ధం, 24వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. దాంతోపాటు భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసూ పెట్టొచ్చు. ఫిర్యాదు అతని భార్య పేరనో తల్లి పేరనో రాయించండి. ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్‌లో ఏజెంటు పంపిన వీసా కాపీ, ఆడియో మెసేజీలు జత చేయండి. నగదు ఇచ్చి ఉంటే ఎవరి ముందు, ఏ తేదీన, ఎంత ఇచ్చారో రాయించి, ఆ చూసినవాళ్ళ సంతకాలు అదే కాగితం మీద పెట్టించండి.

ఇట్లు,
గల్ఫ్ వలస కార్మికుల కాగితాలు చదివి పెట్టే, ఫిర్యాదులు రాసి పెట్టే కొందరు కార్యకర్తలు